ఎనిమిది గదులు, ఆరు లక్షలు: ఆదర్శ తరగతి గదికి ఏం కొనాలి, ఏం కొనకూడదు

నమస్తే అండీ. ముందు మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్తాను. ఉప్పల్ దగ్గర అద్దె భవనంలో మీ పాఠశాల. 8 గదులు, గదికి 35 నుంచి 40 మంది పిల్లలు. ఈ ఏడాది చేతిలో 6 లక్షలు ఉన్నాయి. డీలర్లు గదికొక టచ్ ప్యానెల్, అంటే వేలితో తాకి నడిపే పెద్ద తెర, పెట్టమంటున్నారు. పక్క పాఠశాలలో ట్యాబ్‌లు ఇస్తున్నారని తల్లిదండ్రులు అంటున్నారు. ఆదర్శమైన తరగతి గదికి నిజంగా పనికొచ్చే సామాను ఏది, సీసీ కెమెరాలు కూడా పెట్టాలా అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఈ బడ్జెట్‌లో ప్యానెళ్లు వద్దు, ట్యాబ్‌లు అసలే వద్దు. ముందు 8 గదుల్లోనూ బోర్డు, వెలుతురు, శబ్దం, కరెంటు సరిచేయండి. తర్వాత 4 గదుల్లో ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్, పుస్తకాన్ని తెర మీద చూపించే డాక్యుమెంట్ కెమెరా పెట్టండి. కొంత సొమ్ము మరమ్మతుల కోసం ముట్టుకోకుండా ఉంచండి. మిగతా 4 గదులు వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

నేను చాలాకాలం భౌతికశాస్త్రం చెప్పాను. ఆ తర్వాత నగరంలోని పాఠశాలలకు ప్రయోగశాలలు, తరగతి గదుల సామాను ఎంపికలో సాయం చేస్తున్నాను. ఏ కంపెనీ దగ్గరా కమీషన్ తీసుకోను కాబట్టి డీలర్లకు నేనంటే పెద్ద ఇష్టం ఉండదు. ఏ వస్తువు గురించైనా నేను అడిగేవి రెండే ప్రశ్నలు. 40 నిమిషాల పీరియడ్‌లో మొదటి రెండు నిమిషాల్లో ఉపాధ్యాయుడు దాన్ని నడిపించగలడా? మూడో ఏడాది జూన్‌లో, వేసవి సెలవుల తర్వాత బడి తెరిచినప్పుడు కూడా అది పనిచేస్తుందా? ఈ రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువ సామాను ఓడిపోతుంది.

మొదట చివరి బెంచీలో మీరే కూర్చోండి. గది పొడవు కొలవండి. పాత లెక్క ఒకటి ఉంది: తెర మీది అక్షరాలు చదవాలంటే చివరి బెంచీ దూరం చిత్రం ఎత్తుకు 6 రెట్లు మించకూడదు. డీలర్ చెప్పే అంగుళాలు మూల నుంచి మూలకు కొలిచినవి, మనకు కావలసింది ఎత్తు. 65 అంగుళాల ప్యానెల్ ఎత్తు సుమారు 32 అంగుళాలు, అంటే అది 16 అడుగుల దూరం వరకే పనికొస్తుంది. 75 అంగుళాలది 18 అడుగులు, 86 అంగుళాలది 21 అడుగులు. మన పాఠశాలల్లో చివరి బెంచీ మామూలుగా 22, 24 అడుగుల దూరంలో ఉంటుంది. ప్రొజెక్టర్‌తో, వెడల్పు ఎత్తుల నిష్పత్తి 16:10 ఉన్న 100 అంగుళాల చిత్రం వేస్తే ఎత్తు 53 అంగుళాలు వస్తుంది, 26 అడుగుల దాకా సరిపోతుంది. లక్షన్నర పెట్టి కొన్న ప్యానెల్ వెనక రెండు వరుసలకు కనిపించదు, అందులో మూడో వంతు ధర ఉన్న ప్రొజెక్టర్ కనిపిస్తుంది.

ఇంగ్లిష్ పాఠానికి ఈ లెక్క కాస్త అటూ ఇటూ అయినా నెట్టుకు రావచ్చు. తెలుగుకు కుదరదు. థకు, ధకు తేడా లోపలి చుక్క ఒక్కటే. వత్తులు గీత కిందికి దిగుతాయి, గుడులు పైకి వెళ్తాయి, అక్షరం ఇరుకైతే అన్నీ కలిసిపోయి మచ్చలా కనిపిస్తాయి. చిన్న తరగతుల పిల్లలు ఆ మచ్చనే నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటారు. అందుకే తెలుగు స్లైడుకు 6 వరుసలు మించవద్దని ఉపాధ్యాయులకు చెప్తుంటాను.

ఇప్పుడు ఎవరూ అమ్మని సామాను గురించి. దీని మీద ఎవరికీ కమీషన్ రాదు, కాబట్టి ఎవరూ చెప్పరు.

గదిలో ట్యూబ్‌లైట్లు ఎలా ఉన్నాయో చూడండి. చాలా భవనాల్లో ముందు నుంచి వెనక్కి, బోర్డు గోడకు లంబంగా ఉంటాయి, అన్నిటికీ ఒకటే స్విచ్ ఉంటుంది. ప్రొజెక్టర్ వేయాలంటే గదంతా చీకటి చేయాలి. చీకటైతే పిల్లలు రాసుకోలేరు, మధ్యాహ్నం పీరియడ్ అయితే నిద్రపోతారు. లైట్లను బోర్డు గోడకు సమాంతరంగా వరుసలుగా మార్చి, ముందు వరుసకు వేరే స్విచ్ పెట్టించండి. ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. ఆ వరుస ఒక్కటి ఆపితే చాలు, తెర బాగా కనిపిస్తుంది, బెంచీల మీద వెలుతురు అలాగే ఉంటుంది. ఫోనులో వెలుతురు కొలిచే ఉచిత లక్స్ మీటర్ యాప్ వేసుకుని బెంచీ మీద 300 లక్స్ దాకా ఉందో లేదో చూడండి. ఫోను అంకె కచ్చితం కాదు కానీ 80 చూపిస్తే గది చీకటని తెలిసిపోతుంది.

బోర్డును తీసేయవద్దు. తెరను బోర్డు మీదికి దించవద్దు. చాలామంది చేసే పని ఇదే: నడుమ బోర్డు, దాని ముందు చుట్టతెర. తెర దిగగానే బోర్డు మాయం. లెక్క మెట్లు బోర్డు మీద ఉండాలి, బొమ్మ పక్కన ఉండాలి, పిల్లవాడు రెండూ చూసుకోవాలి. బోర్డు నడుమనే ఉంచి, కుడి పక్క గోడకు మెరుపు లేని తెల్ల రంగు వేయించి అక్కడే బొమ్మ వేయండి, వేరే తెర కొనక్కరలేదు. తెల్ల మార్కర్ బోర్డు మీద ప్రొజెక్టర్ వేస్తే నడుమ ఒక వెలుగుముద్ద కనిపిస్తుంది, కళ్లు చెదురుతాయి. నా మట్టుకు సుద్దముక్కే మేలు. ఆకుపచ్చ సెరామిక్ స్టీలు బోర్డు, దుమ్ము రాని సుద్ద ఉంటే చాలు. మార్కర్ ఎప్పుడు ఎండిపోతుందో ఎవరికీ తెలియదు, ఇంకు ఖర్చు ఏడాది పొడవునా ఉంటుంది.

శబ్దం సంగతి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. స్లాబు, సున్నం గోడలు, నాపరాళ్లు, పైన నాలుగు ఫ్యాన్లు, కిటికీ బయట ఆటోలు. ఇలాంటి గదిలో మాట గోడకు తగిలి తిరిగి వచ్చి తర్వాతి మాటతో కలిసిపోతుంది. తరగతి గదుల ధ్వని కోసం అమెరికాలో వాడే ప్రమాణం ఖాళీ గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ మించకూడదని, ప్రతిధ్వని 0.6 సెకన్లలో అణిగిపోవాలని చెప్తుంది. వరంగల్ హైవే పక్క గదిలో ఆ 35 అందదు, ఆశ పెట్టుకోవద్దు. ప్రతిధ్వనిని మాత్రం తగ్గించవచ్చు. వెనక గోడ నిండా గుడ్డ చుట్టిన పిన్ బోర్డులు కొట్టించండి. పిల్లల బొమ్మలు, చార్టులు పెట్టుకోవడానికి ఎలాగూ కావాలి, శబ్దాన్నీ పీల్చుకుంటాయి. కిర్రుమనే ఫ్యాన్ల బేరింగులు మార్పించండి. పైన రేకుల షెడ్డులో తరగతులు నడుస్తుంటే అక్కడ ఏ పరికరమూ పెట్టకండి. వాన పడితే వినిపించదు, ఎండ కాస్తే పరికరం ఉడికిపోతుంది.

గదికి ఒక చిన్న యాంప్లిఫయర్, రెండు గోడ స్పీకర్లు, ఒక కాలర్ మైకు పెట్టండి. కోఠి గుజరాతీ గల్లీలో నాలుగు దుకాణాలు తిరిగితే అందుబాటు ధరలోనే దొరుకుతాయి. ఇది డాబు కోసం కాదు. రోజుకు ఆరేడు పీరియడ్లు అరిచి చెప్పి గొంతు పోగొట్టుకున్న టీచర్లు ప్రతి పాఠశాలలోనూ ఉంటారు. పైగా ల్యాప్‌టాప్‌లోంచి వచ్చే శబ్దం మూడో బెంచీ దాటదు. వీడియో వేసి, దాని మీద తానే అరిచి వివరించే ఉపాధ్యాయుణ్ని చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

ఇక కరెంటు. ఇక్కడ పిసినారితనం వద్దు. హైదరాబాద్ నేల కింద ఉన్నది గ్రానైటు. ఎర్తింగ్ కోసం, అంటే దారి తప్పిన కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు కోసం, గుంత లోతుగా తవ్వడం కష్టం, తవ్వినా తేమ నిలవదు, కాబట్టి పాత భవనాల్లో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య మల్టీమీటర్ పెట్టించి చూడండి. రెండు మూడు వోల్టులు దాటితే పరికరం కొనడం ఆపి ముందు ఎర్తింగ్ చేయించండి. రాతి నేలలో బెంటొనైట్ పొడితో నింపే ఎర్తింగ్ మేలు. మలక్‌పేట వైపు ఒక పాఠశాలలో కొత్త టచ్ ప్యానెల్ లోపలి సర్క్యూట్ బోర్డు రెండుసార్లు కాలిపోయింది. కంపెనీ వాళ్లు వోల్టేజి తప్పని వారంటీ ఇవ్వలేదు, యాజమాన్యం పరికరం నాసిరకమని తిట్టుకుంది. చూస్తే ఎర్త్ వైరు మెట్ల కింద తెగి వేలాడుతోంది.

ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలుల వానకు కరెంటు పోతుంది, వచ్చేటప్పుడు ఒక్కసారిగా వస్తుంది. ప్రతి గదికి వేరే ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతట అదే ఆపేసే స్విచ్, పెట్టించండి. ప్రొజెక్టర్ లైనుకు సర్జ్ రక్షణ ఉండాలి. ఇన్వర్టర్ లెక్క తేలికే: 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. మార్పిడి నష్టాలు పోగా, బ్యాటరీ పూర్తిగా ఖాళీ కాకుండా చూసుకుంటే, చేతికొచ్చేది 1,000 నుంచి 1,100. ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్, స్పీకర్ కలిపి 350 వాట్లు అనుకుంటే మూడు గంటలు. ఒక పూటకు అది చాలు. వేసవి సెలవులకు ముందు డిస్టిల్డ్ వాటర్ నింపించి, సెలవుల్లో నెలకోసారి చార్జి చేయించండి. బ్యాటరీ చెడిపోయేది వాడినందువల్ల కాదు, ఆ నలభై అయిదు రోజులు పలకరించే దిక్కు లేనందువల్ల.

ఇంత చెప్పాక ప్రొజెక్టర్ దగ్గరికి వద్దాం. ఆన్‌లైన్‌లో 8 వేలకు 9,000 ల్యూమెన్లు అని రాసి అమ్మే బొమ్మలు కొనకండి. ఆన్సీ ల్యూమెన్లు, అంటే ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు, ఎన్ని అని అడగండి. ఆ మాట కొటేషన్‌లో రాయించుకోండి. 3,600 ఆన్సీ ల్యూమెన్ల వెలుగును 100 అంగుళాల చిత్రం మీద పరిస్తే సుమారు 1,240 లక్స్ పడుతుంది. గదిలోని వెలుగు తెర మీద 100 లక్స్ పడినా బొమ్మ దానికన్నా 12 రెట్లు కాంతిగా ఉంటుంది, అక్షరాలు హాయిగా చదవవచ్చు. కిటికీ ఎండ నేరుగా తెర మీద పడితే మాత్రం ఏ ప్రొజెక్టరూ నిలవదు. అందుకే తెరకు ఎంచుకునే గోడ పడమటి కిటికీకి ఎదురుగా ఉండకూడదు. గదికి వీలైతే దగ్గర నుంచే పెద్ద బొమ్మ వేసే షార్ట్ త్రో రకం తీసుకోండి. ఉపాధ్యాయుడి నీడ తెర మీద పడదు, కళ్లలో కాంతి కొట్టదు. గది కొలతలు, కిటికీల దిక్కులు ఇక్కడే రాస్తే ఎంత దూరంలో బిగించాలో లెక్క వేసి చెప్తాను.

ల్యాంపు త్వరగా పోతుందని ప్యానెల్ అమ్మేవాళ్లు భయపెడతారు. లెక్క వేద్దాం. రోజుకు 3 గంటలు, ఏడాదికి 220 పని దినాలు, మొత్తం 660 గంటలు. మామూలు ల్యాంపు 4,000 నుంచి 6,000 గంటలు నడుస్తుంది. అంటే ఆరేళ్లకు తక్కువ కాదు. ప్రొజెక్టర్‌ను చంపేది దుమ్ము. ఉప్పల్ చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక నిర్మాణం నడుస్తూనే ఉంటుంది కదా. నెలకోసారి ఫిల్టర్ తీసి దులపడం అటెండర్‌కు నేర్పండి, గోడ మీద తేదీ రాయించండి. అంతే. సెలవులకు ముందు పాత దుప్పటి కప్పి కట్టించండి, లేకపోతే లోపల బల్లి కాపురం పెడుతుంది.

నేను ప్యానెల్ కన్నా ప్రొజెక్టర్‌ను మెచ్చుకోవడానికి ధర ఒక్కటే కారణం కాదు. తెర మూగదిగా ఉండాలి, తెలివి బయట ఉండాలి. ప్యానెల్‌లో ఆండ్రాయిడ్ తెరలోనే ఉంటుంది. నాలుగేళ్లకు అది పాతదవుతుంది, యాప్‌లు ఎక్కవు, కానీ గాజు మాత్రం బాగానే ఉంటుంది. బాగున్న గాజును పారేయలేరు, పాత ఆండ్రాయిడ్‌తో వేగలేరు. ప్రొజెక్టర్‌కు తెలిసింది ఒక్కటే, హెచ్‌డీఎంఐ తీగలో వచ్చిన బొమ్మను గోడ మీద వేయడం. ల్యాప్‌టాప్ పాతబడితే ల్యాప్‌టాప్ ఒక్కటే మారుస్తారు. అద్దె భవనంలో ఉన్న మీకు ఇంకో లాభం, ఖాళీ చేయాల్సి వస్తే నాలుగు మరలు విప్పి పట్టుకుపోవచ్చు.

ప్యానెళ్లు చెడ్డవని అనడం లేదు. గది 18 అడుగుల లోపే ఉంటే, వెలుతురు ఆపడం కుదరకపోతే, చిన్నపిల్లలు వచ్చి తెర ముట్టుకుని ఆడుకునే తరగతి అయితే ప్యానెలే మేలు. మన ఊరు మన బడి కింద తెలంగాణ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు ఇచ్చిన ప్యానెళ్లను చక్కగా వాడుతున్న ఉపాధ్యాయులను చూశాను. దొంగల భయంతో తాళం వేసిన గదిలో కవరు కూడా తీయని ప్యానెల్‌నూ చూశాను. ఆ రెండో చోట తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికే సగం పీరియడ్ పోతుంది.

తీగల గురించి ఒక మాట. ల్యాప్‌టాప్ నుంచి పైకప్పు దాకా మామూలు హెచ్‌డీఎంఐ తీగ 15 మీటర్లు లాగితే బొమ్మ మినుకుమంటుంది. టీచర్ టేబుల్ దగ్గర గోడలో సాకెట్ పెట్టించి, లోపలి తీగ మంచిది వేయించి, బయట ఒక మీటరు ముక్క వాడండి. రోజూ లాగి పీకితే పోయేది ఆ ముక్కే, దాని ఖరీదు ఎంతని. గొట్టంలో ఒక ఖాళీ దారం వదిలిపెట్టమని ఎలక్ట్రీషియన్‌తో చెప్పండి, రేపు ఇంకో తీగ లాగాలంటే గోడ పగలగొట్టక్కరలేదు.

నన్ను ఒక్క వస్తువే ఎంచుకోమంటే డాక్యుమెంట్ కెమెరా ఎంచుకుంటాను. 6 వేల నుంచి 15 వేల మధ్య దొరుకుతుంది. అదీ లేకపోతే ఫోనును ఒక స్టాండుకు బిగించినా పని జరుగుతుంది. కొత్తపేట వైపు ఒక పాఠశాలలో లెక్కల మాస్టారు ఉన్నారు, రిటైర్మెంటుకు దగ్గర పడినవారు, స్మార్ట్ క్లాసు పేరెత్తితేనే ముఖం తిప్పుకునేవారు. ఆయనకు స్లైడులు చేయమని ఎవరూ చెప్పలేదు. పిల్లవాడి నోటుపుస్తకం కెమెరా కింద పెట్టమన్నారు, అంతే. పేరు కనపడకుండా కాగితం అడ్డం పెట్టి, భిన్నాల కూడికలో లవానికి లవం, హారానికి హారం కూడేసిన పుస్తకం తెర మీద వేసి "ఎక్కడ దారి తప్పింది?" అని అడుగుతారు. తరగతి తరగతంతా మీదపడి వెతుకుతుంది. కొన్నాళ్లకు ఆయనే కెమెరా చెడిపోతే పోరాటం మొదలుపెట్టే స్థితికి వచ్చారు. జీవశాస్త్రంలో మందార పువ్వు కోసి చూపించడానికి, భౌతికశాస్త్రంలో వెర్నియర్ స్కేలు రీడింగు చూపించడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. 40 మంది ఒక బల్ల చుట్టూ తోసుకోనక్కరలేదు.

పిల్లల చేతిలో ఏదైనా పెట్టాలనుకుంటే ట్యాబ్ బదులు అట్టముక్క పెట్టండి. పరిహాసం కాదు. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది. పిల్లవాడికొక కార్డు అచ్చు వేసి ఇస్తాం, ప్రతి కార్డు మీద వేరే గుర్తు ఉంటుంది. కార్డును ఏ వైపు పైకి తిప్పితే అదే అతని జవాబు, నాలుగు వైపులకు నాలుగు జవాబులు. ఉపాధ్యాయుడు తన ఫోను కెమెరాను తరగతి మీద ఒకసారి తిప్పితే ఎవరు ఏ జవాబిచ్చారో తెలిసిపోతుంది. కార్డు మీది అక్షరం చిన్నది కాబట్టి పక్కవాడు చూసి రాయలేడు. నిండా నీళ్లున్న గ్లాసులో ఐసుముక్క తేలుతోంది, అది కరిగాక నీరు పొర్లుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా అని అడగండి. చేతులెత్తమంటే తెలివైనవాడి చేయి చూసి అందరూ ఎత్తుతారు. కార్డులతో అడిగితే తరగతిలో ఎంతమందికి తేలియాడే సూత్రం ఇంకా అందలేదో నిజం బయటపడుతుంది. ఒక జాగ్రత్త, కార్డులకు మెరిసే ల్యామినేషన్ చేయించకండి, లైటు పడి కెమెరా చదవలేదు. మందపాటి కాగితం చాలు.

ట్యాబ్‌ల మీద నాకున్న అనుమానం నా ఒక్కడిదే కాదు. పెరూ ప్రభుత్వం పల్లె పాఠశాలల్లో పిల్లవాడికొక ల్యాప్‌టాప్ ఇచ్చింది. 2012లో వచ్చిన అధ్యయనంలో లెక్కల్లో, భాషలో పిల్లల మార్కులు పెరిగిన ఆధారం కనిపించలేదు. మన దగ్గర వడోదరలో ప్రథమ్ సంస్థ నాలుగో తరగతి పిల్లలకు ఒక కంప్యూటర్ ముందు ఇద్దరిని కూర్చోబెట్టి, వారానికి రెండు గంటలు, వాళ్ల స్థాయికి తగ్గ లెక్కల ఆటలు ఆడించింది. అక్కడ లెక్కల్లో మంచి పెరుగుదల కనిపించింది. రెండూ కంప్యూటర్లే. ఒకచోట వస్తువు ఇచ్చి వదిలేశారు, ఇంకోచోట ఏ పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో చూసి ఆ పనికి వాడారు. మీకు కంప్యూటర్ గది ఉంటే దాన్ని అలా వాడండి, 40 ట్యాబ్‌లకు చార్జింగు పెట్టే తలనొప్పి మీకెందుకు?

ల్యాప్‌టాప్‌కు వస్తే, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో మళ్లీ బాగుచేసినవి 20, 25 వేలకు దొరుకుతాయి. 8 జీబీ మెమరీ, వేగంగా తెరుచుకునే ఎస్ఎస్‌డీ డిస్కు ఉండాలి. ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ కంటే పాతది తీసుకోకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, పాత ప్రాసెసర్ల మీద విండోస్ 11ను అది అధికారికంగా అనుమతించదు. విండోస్ బదులు ఉచితంగా వాడుకునే లైనక్స్ తెలిసిన మనిషి ఉంటే ఆ గొడవ లేదు.

పాఠాల సామగ్రికి డబ్బు పెట్టే ముందు ఉచితంగా ఉన్నవి వాడి చూడండి. రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్లు ప్రభుత్వ పాఠాల వేదిక దీక్షకు తీసుకెళ్తాయి. తెలంగాణ ప్రభుత్వ చానెల్ టీశాట్ విద్య పాఠాలు ఉన్నాయి. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ నమూనాలు, అంటే తెర మీద జరిపి చూసే ప్రయోగాలు, కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, దించుకుంటే ఇంటర్నెట్ లేకుండా నడుస్తాయి. ఓమ్ నియమం చెప్పేటప్పుడు వోల్టేజి పెంచితే విద్యుత్ ప్రవాహం ఎలా పెరుగుతుందో పిల్లవాడే జరిపి చూడవచ్చు. లెక్కలకు బొమ్మలు, గ్రాఫులు గీసే జియోజీబ్రా. ఇవన్నీ ల్యాప్‌టాప్‌లోకి ముందే ఎక్కించుకోండి. పాఠం మధ్యలో ఇంటర్నెట్ ఆగిపోవడం ఒక బాధ, కిరణజన్య సంయోగక్రియ వీడియో మధ్యలో రమ్మీ ప్రకటన రావడం ఇంకో బాధ. ఇంటర్నెట్‌ను స్టాఫ్ రూమ్‌కు తెచ్చుకుంటే చాలు, గదులకు వైఫై తొందర లేదు.

తెలుగు మాస్టార్ల దగ్గరున్న పాత ప్రశ్నపత్రాల సంగతి కూడా చూసుకోండి. అవి చాలావరకు డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో టైపు చేసినవి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే గీతలు, గుర్తులు తప్ప ఏమీ కనపడవు. సాంకేతికత తమ భాషకు పనికిరాదని వాళ్లు నిర్ణయించుకునేది ఆ రోజే. డీటీపీ వాళ్లను అడిగి ఫాంటు కలిపిన పీడీఎఫ్‌లు చేయించుకోండి, కొత్తవి ఏ యంత్రంలోనైనా కనిపించే యూనికోడ్‌లో టైపు చేయడం నేర్పించండి.

కంపెనీ వాళ్లు పిల్లవాడికి నెలకు ఇంత అని ఐదేళ్ల ఒప్పందం తెస్తారు, పరికరం ఉచితం అంటారు. సంతకం పెట్టే ముందు మూడు అడగండి. మీ కంపెనీ మూతపడితే పాఠాలు మా యంత్రంలో నడుస్తాయా? పరికరం ఎవరి పేరున ఉంటుంది? మధ్యలో ఆపేస్తే ఎంత కట్టాలి? ఒకప్పుడు దేశమంతటా స్మార్ట్ క్లాసులు పెట్టిన ఎడ్యుకాంప్ 2017లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కాబట్టి ఇది ఊహించి అడిగే ప్రశ్న కాదు.

డెమోను వాళ్ల చీకటి షోరూమ్‌లో చూడకండి. మీ గదికి తెప్పించి, ఉదయం 11 గంటలకు, కిటికీలు తెరిచి, చివరి బెంచీ నుంచి చూడండి. పాత కొటేషన్ అయితే పన్ను రేటు కూడా చూసుకోండి, పెద్ద మానిటర్లు, ప్రొజెక్టర్ల జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం బదులు 18 శాతం. పాఠశాలకు కట్టిన పన్ను తిరిగి రాదు, కాబట్టి ఆ 10 శాతం మీ జేబులోదే.

నా లెక్క ఇలా ఉంటుంది. ధరలు బేరాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి. 8 గదుల్లో బోర్డు, లైట్లు, పిన్ బోర్డులు, స్పీకర్, మైకు: 1 లక్షా 40 వేలు. ఎర్తింగ్, ఎంసీబీలు: 30 వేలు. 4 గదులకు ప్రొజెక్టర్, ల్యాప్‌టాప్, డాక్యుమెంట్ కెమెరా, బిగింపు: గదికి 80 వేల చొప్పున 3 లక్షల 20 వేలు. రెండు ఇన్వర్టర్లు: 50 వేలు. మిగిలిన 60 వేలు బ్యాంకులో ఉండాలి, మూడేళ్ల మరమ్మతులకు. వైరింగ్ సామానుకు ట్రూప్ బజార్ వెళ్లండి, మీ ఎలక్ట్రీషియన్‌ను ఒక్కణ్నే పంపకుండా మీరూ తోడు వెళ్లండి.

ఏ 4 గదులు అన్నది తరగతిని బట్టి కాకుండా మనిషిని బట్టి నిర్ణయించండి. అడిగి మరీ తీసుకునే టీచర్ల గదుల్లో ముందు పెట్టండి. శనివారం చివరి పీరియడ్ ఆ నలుగురూ కలిసి కూర్చుని సోమవారం పాఠాలు సిద్ధం చేసుకోవడానికి వదిలేయండి, ఆ గంటకు వేరే పని అప్పజెప్పకండి. మిగతావాళ్లు వాళ్లను చూసి అడుగుతారు. అందరికీ ఒకేసారి పెట్టి, కంపెనీ మనిషి చేత ఒక మధ్యాహ్నం శిక్షణ ఇప్పించి, వాడకపోతే సంజాయిషీ అడిగే పద్ధతి ఎక్కడా నిలబడగా చూడలేదు.

చివరగా సీసీ కెమెరాలు. మీది రాష్ట్ర బోర్డా, సీబీఎస్ఈనా రాయలేదు. సీబీఎస్ఈ అయితే ఇష్టాయిష్టాల ప్రశ్న లేదు. 2025 జూలైలో బోర్డు నిబంధన మార్చింది, తరగతి గదులతో సహా ముఖ్యమైన చోట్లన్నిటా శబ్దం కూడా రికార్డయ్యే కెమెరాలు ఉండాలి, కనీసం 15 రోజుల రికార్డు నిలవ ఉంచాలి. రాష్ట్ర బోర్డు అయితే నా మట్టుకు గేటు, వరండాలు, మెట్ల దగ్గర చాలంటాను. తరగతిలో కెమెరా పెడితే ఉపాధ్యాయుడు కెమెరాకు పాఠం చెప్తాడు. తల్లిదండ్రులకు ఫోనులో ప్రత్యక్ష ప్రసారం ఇస్తామనే ప్యాకేజీలను, ముఖం గుర్తుపట్టి హాజరు వేసే యంత్రాలను ఇప్పుడు తీసుకోకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన అంగీకారం కావాలంటుంది. ఆ రికార్డు ఎవరి సర్వర్‌లో ఉందో కంపెనీ రాతపూర్వకంగా చెప్పకపోతే అక్కడితో మాట ఆపేయండి. సీబీఎస్ఈ కోసం కెమెరాలు తప్పనిసరైతే వాటికి వేరే పద్దు రాసుకోండి, ఆ 60 వేల జోలికి మాత్రం వెళ్లవద్దు.